అమ్మమ్మ పేరడిగిన మేడమ్

మొన్న శుక్రవారం మధ్యాహ్నం డాబా మీద బట్టలు ఆరేస్తుంటే ఫోను మోగింది. మా వార్డులో పనిచేసే ఫిలిప్పీన్స్ నర్సు పెట్టిన మెసేజి. "మన ట్రైనింగ్ మేడమ్ చనిపోయారు. టెక్సాస్‌లో, వాళ్ళమ్మాయి ఇంట్లో. నిద్రలోనే పోయారట." తడి దుప్పటి భుజాన వేసుకుని రెండుసార్లు చదివాను. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. నేను చేసిన తప్పు నేను ఒప్పుకున్నాను, అడగాల్సిన క్షమాపణ అడిగాను. ఆవిడ మాత్రం "సరేలే" అన్న ఒక్క మాట అనకుండా వెళ్ళిపోయింది. ఇక అనదు.

పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. నేను అబద్ధం రాయలేను. సౌదీలో అభా అనే కొండ ఊళ్ళోని మా ఆసుపత్రిలో ఆవిడ ఉన్న ఏడాదిన్నరలో మా తెలుగు నర్సులం ఎవరమూ ఆవిడను ఇష్టపడలేదు. నేనైతే బాహాటంగానే ద్వేషించాను. ఆవిడ కూడా నన్ను ముద్దుగా చూసిందేమీ లేదు. అయినా ఇవాళ మా అమ్మమ్మ అసలు పేరు నాకు తెలుసంటే ఆవిడ వల్లే. ఆ రుణం నోరు నొక్కుకుని దాచుకోవడం న్యాయం కాదు.

అవి మా మెడ మీద కత్తి వేలాడుతున్న రోజులు. నితాఖత్ వచ్చింది. ప్రతి సంస్థా తన మనుషుల్లో ఇంతమంది సౌదీలను పెట్టుకోవాలి. పెట్టుకుంటే పచ్చరంగు, లేకపోతే పసుపు, ఆ కింద ఎరుపు. మా ఆసుపత్రి పసుపులోకి జారిందని క్యాంటీన్లో గుసగుసలు. ఎరుపులో పడితే మా ఇకామాలు, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డులు, రెన్యూవల్ కావు. అది చాలదన్నట్టు, కుటుంబాలను తెచ్చుకున్నవాళ్ళ మీద తలకింత అని పన్ను వేశారు. ఏటేటా పెరుగుతుందని ముందే చెప్పారు. మా ఆయనా, మా పాపా నా ఇకామా మీద ఉన్నవాళ్ళు. నెల తిరక్కుండా ఇద్దరినీ ఇంటికి పంపేశాను. రెండో తరగతి చదివే పాప స్కూలు బ్యాగు వీపుకి తగిలించుకునే విమానం ఎక్కింది. "మళ్ళీ సోమవారానికి వచ్చేస్తాం కదమ్మా?" అంది. నేను అవునన్నాను.

సరిగ్గా అప్పుడు వచ్చింది మేడమ్. ఖమీస్ ముషైత్ నుంచీ చుట్టుపక్కల కొండ ఊళ్ళ నుంచీ కొత్తగా నర్సింగ్ పాసైన సౌదీ అమ్మాయిలు చేరారు. వాళ్ళకు పని నేర్పడానికీ, పాతవాళ్ళమైన మాకు పరీక్ష పెట్టి మార్కులు వేయడానికీ యాజమాన్యం ఆవిడను రప్పించింది. మార్కులు చాలనివాళ్ళకు ఫైనల్ ఎగ్జిట్, మళ్ళీ రాకుండా ఇంటికి. నాతో గదిలో ఉండే నరసాపురం అక్క మొదటిరోజే తేల్చేసింది.

"అమెరికా పాస్‌పోర్టంట. మన మెడకి ఉరి పేనడానికే తెచ్చారు దీన్ని. నవ్వింది కదా అని దగ్గరికెళ్ళకండే, మార్కులేసేటప్పుడు ఆ నవ్వుండదు."

అసలావిడ నవ్వేదే కాదు. మేము ఊహించుకున్న తెల్ల దొరసానీ కాదు. పొట్టి మనిషి, చామనఛాయ, వెడల్పాటి చెంపలు, నడుము దాకా నెరిసిన జడ. వెయిటింగ్ హాల్లో ఓ పాకిస్తానీ పెద్దాయన తమ మనిషే అనుకుని ఆవిడను ఉర్దూలో దారి అడిగాడు. ఫిలిప్పీన్స్ నర్సులు తమ భాషలో పలకరించారు. వాళ్ళలో ఒకామెదీ మేడమ్‌దీ ఒకటే ఇంటిపేరు. ఇద్దరూ ఐడీ కార్డులు పక్కపక్కన పెట్టి చూసుకున్నారు.

"మీ వాళ్ళనీ మా వాళ్ళనీ ఏలింది ఒకళ్ళే, స్పెయిన్ వాళ్ళు. మెక్సికో రేవులో ఓడెక్కి మనీలాలో దిగేవాళ్ళు. ఈ పేరు నీకూ నాకూ వాళ్ళు తగిలించిందే," అంది మేడమ్ ఇంగ్లీషులో. ఆవిడతో మా మాటలన్నీ ఇంగ్లీషులోనే. నాకు గుర్తున్నంతలో తెలుగులో రాస్తున్నాను.

ఆదివారం, బుధవారం డ్యూటీ దిగగానే స్టోరు పక్కనున్న కిటికీ లేని గదిలో క్లాసు. పేషెంటు హిస్టరీ తీసుకోవడం దగ్గర మొదలుపెట్టింది. ఎవరేం చెప్పినా మూడు ప్రశ్నలు వేసేది. "ఎవరు చెప్పారు? ఎప్పుడు చెప్పారు? నీకెలా తెలుసు?" షుగరుందని చెప్పారన్నా అవే ప్రశ్నలు, వానొస్తోందన్నా అవే. ఉదాహరణ చెప్పాలంటే మాత్రం తన ఇంటి సంగతే చెప్పేది.

ఆవిడ అమ్మమ్మది మెక్సికోలో ఓ కొండ ఊరు. స్పెయిన్ వాళ్ళు రాకముందు నుంచీ అక్కడున్న జనం. వాళ్ళ భాష వేరు. ఆ అమ్మమ్మ టెక్సాస్ చేరాక, ఊళ్ళో వాళ్ళు ఎగతాళి చేస్తారని తన భాష మానేసి స్పానిష్ మాట్లాడింది. ఆమె కూతురు బళ్ళో స్పానిష్ మాట్లాడితే టీచరు చెంప పగలగొట్టింది. కూతురు స్పానిష్ కూడా మానేసి పిల్లలకు ఇంగ్లీషు మాత్రమే నేర్పింది. పైగా "మనం స్పెయిన్ వాళ్ళం, కొండవాళ్ళం కాదు" అని చెప్పి పెంచిందట. అలా రెండు తరాల్లో రెండు భాషలు పోయాయి. భర్త పోయాక, యాభై దాటాక, మేడమ్ సాయంకాలం కాలేజీలో చేరి తన వాళ్ళ చరిత్ర చదివింది. కొండవాళ్ళదీ చదివింది, వాళ్ళను జయించి, వాళ్ళ పుస్తకాలు కాల్చి తమ మతంలో కలుపుకున్నవాళ్ళదీ చదివింది.

"మరి సౌదీకెందుకొచ్చారు?" అని ఓ సౌదీ అమ్మాయి అడిగింది.

"స్పెయిన్ వాళ్ళు సముద్రం దాటకముందు వందల ఏళ్ళు అరబ్బులతో కలిసి బతికారు. నా కథకి ఒక కొస ఇటువైపుంది. చూద్దామని వచ్చాను."

వినడానికి బాగానే ఉంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. మేము పొట్ట చేతపట్టుకుని వచ్చినచోటికి ఈవిడ చూసిపోదామని వచ్చిందట!

ఒకరోజు ఫిమేల్ వార్డులో ఓ ముసలమ్మ తల కింద ఎత్తు చాలక "మిఖద్దా, మిఖద్దా" అని గొణుగుతోంది. నేను దిండు తెచ్చేలోపు మేడమ్ మంచం పట్టుకుని నిలబడిపోయింది. "ఏమందీవిడ? మళ్ళీ అనమను." ముసలమ్మ చిరాగ్గా మళ్ళీ అంది. "మా అమ్మమ్మ దిండుని స్పానిష్‌లో అల్మొఆదా అనేది. ఇదే మాట," అంది మేడమ్ కళ్ళు తుడుచుకుంటూ. నేను దిండు పెట్టి, "మేడమ్, పక్క బెడ్డు డ్రిప్పు అయిపోవచ్చింది," అన్నాను. నిజానికి అది ఇంకో అరగంట నడుస్తుంది. ఆవిడ కన్నీళ్ళు చూడ్డం నాకిష్టం లేదు.

క్యాంటీన్లో ఇంకో గొడవ. నరసాపురం అక్క ఇంటి నుంచి తెచ్చుకున్న పండుమిరపకాయ పచ్చడి సీసా తెరిచింది. ఆ వాసనకి మేడమ్ మా టేబుల్ దగ్గరికి వచ్చింది. ఎవరూ కూర్చోమనలేదు. అయినా కూర్చుని, వేలితో కాస్త నాకి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "ఈ కాయ మా వాళ్ళ దగ్గర్నుంచే మీకొచ్చింది, తెలుసా? మా కొండల్లో పండించుకున్నదే. మీ దేశానికి ఓడల్లో వెళ్ళింది," అంది.

ఆవిడ లేచి వెళ్ళగానే అక్క సీసా మూత బిగించింది. "ఇదేం చోద్యమే! మిరపకాయ కూడా వీళ్ళదేనంట. రేపు గుంటూరు కూడా మాదేనంటుంది. ఆ మూత గట్టిగా పెట్టు, మళ్ళీ వస్తుంది." అందరం నవ్వాం. ఆ తర్వాత ఆవిడ ట్రే పట్టుకుని వస్తుంటే మేము కుర్చీల మీద బ్యాగులు పెట్టేవాళ్ళం. ఆవిడ గోడవైపు తిరిగి ఒక్కతే తినేది. పుస్తకం చదువుకుంటూ తినేది. అది చూస్తే నాకు ఇంకా కోపం వచ్చేది, మేము లెక్కలోనే లేనట్టు.

ఇక నా సంగతి. ఓ రోజు వార్డులో పన్నెండు గంటలవేళ ఆవిడ నా ఫైలు తీసుకుంది. రెండు గంటలకు చూడాల్సిన బీపీ, నొప్పి వివరాలు నేను అప్పటికే నింపేసి ఉన్నాను. పని ఎక్కువైనప్పుడు మేమందరం చేసేదే. సౌదీ అమ్మాయిలందరి ముందూ ఫైలు నా చేతికిచ్చింది.

"రెండు గంటలకు ఈవిడకి ఏమవబోతోందో నీకు పన్నెండింటికే తెలుసా?"

నేను ఫైలు మూసి పట్టుకున్నాను.

"రాయనిది జరగనట్టే అని నేర్పుతున్నాను. జరగనిది రాసేవాళ్ళ చేతిలో పేషెంటునెలా పెట్టను?"

సున్నా వేసింది. తెల్లబోయిన నా మొహం చూసి ఖమీస్ అమ్మాయి ఒకామె తల దించుకుంది. ఆ జాలి నాకు సున్నా కంటే ఎక్కువ మండింది. తప్పు నాదేనని అప్పుడే తెలుసు. తెలిసినందుకే ఆవిడను క్షమించలేకపోయాను.

ఆ వారమే క్లాసులో ఓ పని పెట్టింది. తలో కాగితం ఇచ్చి, "మీ అమ్మమ్మ పేరు రాయండి. ఆవిడకు బాగా తెలిసిన పని ఒకటి రాయండి. సొంతింటి హిస్టరీ తీసుకోలేనివాళ్ళు పేషెంటు హిస్టరీ ఏం తీసుకుంటారు?" అంది. ఖమీస్ అమ్మాయి పేజీ నింపేసింది. ఆమె అమ్మమ్మ ఇళ్ళ లోపలి గోడలకు రంగుల గీతలు వేసే మనిషట. నరసాపురం అక్క కూడా ఏదో రాసింది. నేను 'తెలీదు' అని రాసి కాగితం తిరగేసి పెట్టాను.

నాకు తెలీదన్నది సగమే నిజం. మాది తెనాలి వైపు ఓ మాదిగపల్లె. మా తాత చెప్పులు కుట్టేవాడు. ఆ సంగతి అక్కతో సహా ఆసుపత్రిలో ఎవరికీ చెప్పలేదు, తాత చర్చిలో సంఘ పెద్ద అని చెప్పుకున్నాను. అమ్మమ్మ బాప్తిస్మం పొందాక మరియమ్మ. అంతకు ముందు ఏ పేరుతో పిలిచేవారో మా అమ్మ ఎన్నడూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

అందరూ వెళ్ళాక మేడమ్ నన్ను ఆపింది. "తెలీదా, చెప్పడం ఇష్టం లేదా?"

"మీకెందుకు?"

"నాకేం అక్కర్లేదు. నీకుంటుందేమోనని."

తెరిచిన తలుపువైపు చూసి గొంతు తగ్గించాను. ఇక్కడ ఈ మాటలు గట్టిగా అనకూడదు. "మీరు చదివి చదివి మతమిచ్చినవాళ్ళు మీ పుస్తకాలు కాల్చారని ఏడుస్తున్నారు. మా వాళ్ళ చేతికి పుస్తకమే ఇవ్వలేదెవరూ. మతమిచ్చినవాళ్ళే మొదట మమ్మల్ని బళ్ళో కూర్చోబెట్టారు. మా అమ్మమ్మ పాత పేరుతో పాటు ఏం పోయిందో నాకు తెలుసు మేడమ్. ఛీ అనిపించుకోవడం పోయింది. దాన్ని తవ్వి తెచ్చుకోమంటారా?"

ఆవిడ కాగితాలు సర్దుకుంటూ, "నా ఒంట్లో కాల్చినవాడి రక్తమూ ఉంది, కాలిపోయినవాళ్ళదీ ఉంది. ఎవరిని తిట్టుకోవాలో నాకూ తెలీదు. పేర్లు మాత్రం ఇద్దరివీ కావాలి," అంది. తర్వాత మెల్లిగా, "ఛీ అన్నవాడి తప్పుకి మీ అమ్మమ్మ పేరెందుకు దాక్కోవాలి?" అంది.

బ్యాగు తీసుకుని బయటికొచ్చేశాను. ఆ ఒక్క మాటకి ఆవిడను ఊరికే వదలకూడదనుకున్నాను.

వదల్లేదు కూడా. సంతకం లేని అర్జీ ఒకటి ముదీర్ గదికి వెళ్ళింది. మా డైరెక్టరును ఇక్కడ అందరూ అలాగే పిలుస్తారు. ట్రైనింగ్ పేరుతో ఆవిడ క్లాసులో మతాల గురించి మాట్లాడుతోందని అందులో ఉంది. ఈ దేశంలో ఆ మాటకెంత బరువుందో మాకు తెలుసు. ఆలోచన నలుగురిది. రాసింది నేను.

రెండు వారాలు క్లాసులు ఆగిపోయాయి. ఆవిడను మూడుసార్లు పైకి పిలిచారు. ఏం అడిగారో, ఆవిడేం చెప్పిందో ఎవరికీ తెలీదు. కాంట్రాక్టు పొడిగించడం లేదని మాత్రం బయటికొచ్చింది. వెళ్ళేలోపు మా మార్కులన్నీ పూర్తిచేసి ఇమ్మన్నారు. నేను సామాన్లు సర్దుకోవడం మొదలుపెట్టాను. నా బతుకు నేను అర్జీ పెట్టిన మనిషి చేతిలోనే ఉంది మరి.

లిస్టు గోడకంటించారు. నేను పాసయ్యాను. ఆ సున్నా తర్వాత నేను నింపిన ప్రతి ఫైలూ ఆవిడ ఒక్కొక్కటే తీసి చూసి, వాటికి తగిన మార్కులు వేసింది. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు.

లిఫ్టు దగ్గర ఎదురుపడింది. ఒక చేతిలో పుస్తకాల పెట్టె.

"అర్జీ నువ్వే రాశావు," అంది. అడగడం కాదు, చెప్పడం.

నేను లిఫ్టు బటన్ నొక్కాను. "ఎవరు చెప్పారు?"

"నువ్వే చెప్పావు. పైన నాకు చదవమని ఇచ్చారు, ఆఖర్న 'కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్' అని రాశావు. ఆ మాట ఈ బిల్డింగులో నీ చేతిరాతలోనే చూశాను, ప్రతి సెలవు చీటీ కింద."

లిఫ్టు వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. నేను "మరి పాస్ ఎందుకు చేశారు?" అన్నాను.

"నువ్విప్పుడు ఫైళ్ళు సరిగ్గా రాస్తున్నావు కనక. మార్కులు వేరు, క్షమించడం వేరు. నిన్ను నేను క్షమించలేదు." పెట్టె చెయ్యి మార్చుకుని మళ్ళీ బటన్ నొక్కింది. "మీ అమ్మమ్మని ఎరిగినవాళ్ళు ఇంకెవరైనా బతికున్నారా?"

"మా అమ్మ చెప్పదు. పెద్దమ్మ ఉంది."

"అయితే ఆలస్యం చెయ్యకు."

అదే ఆఖరు చూపు. ఎయిర్‌పోర్టుకు ఎవరెళ్ళారో నాకు తెలీదు. నేను వెళ్ళలేదు.

మరుసటి ఏడు సెలవుకి వెళ్ళినప్పుడు పెద్దమ్మ దగ్గర కూర్చున్నాను. ఆవిడకు చూపు మందగించింది గాని మాట పదును తగ్గలేదు. "అమ్మమ్మ అసలు పేరేంటి పెద్దమ్మా?" అంటే ఎగాదిగా చూసింది.

"ఇన్నాళ్ళకి అడిగావంటే! మీ అమ్మ చెప్పనియ్యలేదే నన్ను. పిల్లకి సంబంధాలు రావంది. పోలమ్మ. మా అమ్మ పేరు పోలమ్మ. తోలు పని మీ తాతదనుకుంటారు గానీ, అసలు పనిమంతురాలు మా అమ్మ. తంగేడు చెక్క దంచి తొట్టిలో నానేసేది. తోలు పదునుకొచ్చిందో లేదో చేత్తో కూడా ముట్టేది కాదు, వాసన చూసి చెప్పేది. మొగాళ్ళు వచ్చి అడిగేవోళ్ళు, పోలమ్మా, తీయొచ్చా అని. ఊఁ అంటే తీసేవోళ్ళు. లేపోతే లేదు."

వాసన చూసి చెప్పేదట. పుండు చీము పట్టిందని డాక్టరు కంటే ముందు నేను వాసనను బట్టి చెబుతానని మా వార్డులో నాకు పేరు. పెద్దమ్మ ఇంకా ఏదో చెబుతూనే ఉంది, నాకు కాసేపు వినపడలేదు.

అభాకి తిరిగొచ్చాక ముందు నరసాపురం అక్కకి చెప్పాను, మేమెవరమో, మా తాత ఏం చేసేవాడో. అక్క కాసేపు అన్నం కెలికింది. "ఇన్నేళ్ళూ ఒక గదిలో పడుకుని ఇది దాచావా?" అంది. ఆ తర్వాత నెల తిరక్కుండానే వేరే గదికి మారిపోయింది. కారణం చెప్పలేదు, నేనూ అడగలేదు. మేడమ్ నాకిచ్చినవాటిలో అదీ ఒకటి.

ఫిలిప్పీన్స్ నర్సు దగ్గర మేడమ్ నంబరు తీసుకుని పెద్ద మెసేజి రాశాను. అర్జీ సంగతి దాచకుండా రాసి క్షమాపణ అడిగాను. పోలమ్మ పేరూ తంగేడు చెక్కా రాశాను. రెండు రోజులకు జవాబొచ్చింది. "ఎవరు చెప్పారు? ఎప్పుడు చెప్పారు?" అంతే. పళ్ళు కొరుక్కుంటూ రాశాను, పెద్దమ్మ చెప్పింది, ఫలానా రోజు, వాళ్ళింటి అరుగు మీద అని. ఈసారి వెంటనే వచ్చింది. "మంచిది. ఆవిడ చెప్పినవన్నీ ఆవిడ మాటల్లోనే రాసిపెట్టు. మిగతావాళ్ళనీ అడుగు, వాళ్ళుండగానే." క్షమాపణ ఊసు లేదు. ఆ తర్వాత ఏడాదికోసారి నేను రాసేదాన్ని, కొత్తగా తెలిసిందేమన్నా ఉంటే. ఆవిడ ప్రశ్నలే పంపేది. ఒక్కసారి కూడా ఎలా ఉన్నావని అడగలేదు.

నిన్న సాయంత్రం ఫిలిప్పీన్స్ నర్సు ఇంకో మెసేజి పంపింది. మేడమ్ కూతురు పంపిన ఫోటో అట, పోయిన నెలలో తీసింది. ఏదో చిన్న హాలు, మడత కుర్చీలు. మేడమ్ అమ్మమ్మ వదిలేసిన కొండభాష నేర్పే క్లాసట అది. చుట్టూ కూర్చున్నవాళ్ళు పాతికేళ్ళు నిండనివాళ్ళు. ముందు వరసలో మేడమ్. బాగా చిక్కిపోయింది, జడ పలచబడింది. ఒళ్ళో నోటు పుస్తకం, చెవి మీద పెన్సిలు. బోర్డు దగ్గరున్న పడుచు టీచరు ఎవరికో జవాబు చెబుతూ అటువైపు తిరిగి ఉంది. మేడమ్ కుర్చీ అంచుకి జరిగి, కుడిచెయ్యి నిటారుగా పైకెత్తి, ఎడమచేత్తో ఆ మోచేతిని పట్టుకుని, ఆ అమ్మాయి తనవైపు తిరుగుతుందా అని చూస్తోంది.